మెట్ల కింద స్టీలు గిన్నె

ఈ నెల గోంగూర విత్తనాల గురించి రాస్తానని మాటిచ్చాను. గుర్తుంది. కానీ మా ఇంట్లో జరిగిన సంగతి ముందు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మీలో చాలామందికి పెరటి చివర ఒక గది ఉంది. లేదంటే డ్రైవ్‌వే పక్కన కారు ఛార్జర్ ఉంది. అదీ లేకపోతే పెరట్లో దీపాలున్నాయి. వాటన్నిటికీ కరెంటు భూమిలోంచే వెళ్తోంది. ఆ కరెంటు వెళ్ళే దారిలోనే నీళ్ళు కూడా ఇంట్లోకి వస్తాయని మొన్న నవంబరు దాకా నాకూ తెలీదు.

ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి నాలుగున్నర. అప్పటికే చీకటి పడిపోయింది, మీకు తెలుసు కదా ఇక్కడి నవంబరు. తణుకు నుంచి అత్తయ్య వచ్చి రెండు నెలలైంది. పగలంతా ఆవిడా, మా చిన్నదీ ఇద్దరే ఇంట్లో. తలుపు తీసి లోపలికి వచ్చేసరికి మెట్ల కింద అల్మరా తలుపు బార్లా తెరిచి ఉంది. హూవర్, ఇస్త్రీ బల్ల బయటికి లాగి పెట్టేశారు. లోపల ఫ్యూజు బాక్సు కింద పెద్ద స్టీలు గిన్నె. అత్తయ్య ఉత్త కాళ్ళతో, తడి గుడ్డతో ఆ బాక్సు తుడుస్తున్నారు. పాప పక్కన కూర్చుని గిన్నెలో పడుతున్న చుక్కలు లెక్కపెడుతోంది.

“ఏంటత్తయ్యా ఇది!” అని అరిచానట. నాకు ఆ అరుపు గుర్తు లేదు.

“ఏం లేదమ్మాయ్, ఎక్కడి నుంచో కారుతోంది. కార్పెట్ పాడైపోతుందని గిన్నె పెట్టాను. నువ్వొచ్చేలోపు తుడిచేద్దామని...”

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తప్పు ఆవిడది కాదు. పెంకుటింట్లో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. వాన పడి ఎక్కడ కారితే అక్కడ గిన్నె పెట్టడం, తుడవడం ఆవిడకి అలవాటు. ఆ బూడిదరంగు ఇనప డబ్బా ఏమిటో, దాని జోలికి వెళ్ళకూడదని మేం ఎప్పుడైనా చెప్పామా? వైఫై పాస్‌వర్డ్ చెప్పాం, బాయిలర్ బటన్ చెప్పాం, పక్కింటివాళ్ళ కుక్క పేరు కూడా చెప్పాం. ఇది మాత్రం చెప్పలేదు.

ఇద్దరినీ హాల్లోకి లాక్కొచ్చి అల్మరా దగ్గరికి ఎవరూ వెళ్ళకుండా కుర్చీ అడ్డం పెట్టాను. మెయిన్ స్విచ్ ఆపేద్దామని చెయ్యి వెళ్ళబోయింది గానీ, డబ్బా మొత్తం తడిగా ఉంది, కింద కార్పెట్ తడిగా ఉంది. ఆగాను. 105కి ఫోన్ చేశాను. ఈ నంబరు ఫోన్లో పెట్టుకోండి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో ఎక్కడి నుంచి చేసినా మీ ప్రాంతంలో కరెంటు లైన్లు చూసేవాళ్ళకే కలుస్తుంది, డబ్బులు పడవు. 2016 నుంచీ ఉంది. మీరు బిల్లు కట్టే కంపెనీ వేరు, లైన్లు చూసేవాళ్ళు వేరు. ఇలాంటప్పుడు కావలసింది లైన్లవాళ్ళు. పొగో, మంటో కనిపించినా, ఎవరికైనా షాక్ తగిలినా మాత్రం నేరుగా 999. వాళ్ళ మనిషి వచ్చి, మీటరు ముందున్న పెద్ద ఫ్యూజు తీసేసి, ఇల్లు మొత్తం కరెంటు లేకుండా చేసి వెళ్ళాడు. ఆ రాత్రి దుప్పట్లు కప్పుకుని, ఫోన్ లైటు వెలుగులో పెరుగన్నం తిన్నాం. పాపకి మాత్రం పండగలా ఉంది.

అసలు కథ నెలన్నర ముందు మొదలైంది. ఇంట్లో కరెంటు ఉన్నట్టుండి ట్రిప్ అయ్యేది. మొదటిసారి పిండి రుబ్బుతున్నాను, కాబట్టి నేరం ఇండియా గ్రైండర్ మీద పడింది. రెండోసారి ఎయిర్ ఫ్రయర్. మూడోసారి అందరం నిద్రపోతున్నాం, ఇంక ఎవరి మీద వెయ్యాలి? మావారు వెళ్ళి స్విచ్ పైకి నెట్టేసేవారు. ఒక్కోసారి నిలబడేది, ఒక్కోసారి టప్పున పడిపోయేది, గంటాగి నెడితే నిలబడేది. ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ పాతబడిందని కొత్తది వేసి, రెండొందల పౌండ్లు పుచ్చుకుని వెళ్ళాడు. పది రోజులకి మళ్ళీ మామూలే.

అప్పుడు నేనో పని చేశాను. మనవాళ్ళు పాలవాడు రాని రోజుల్ని క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటారు చూడండి, అలా ట్రిప్ అయిన రోజుల మీద ఇంటూ కొట్టడం మొదలుపెట్టాను. వంటింట్లో తెలుగు క్యాలెండర్ మీద, తిథుల పక్కనే. అత్తయ్య ఒకరోజు అది చూసి, “అమావాస్య లెక్క కాదమ్మాయ్ ఇది, వాన లెక్క” అన్నారు. నిజమే. శనివారం కుండపోత అయితే సోమవారం ట్రిప్. వాన పడుతున్నప్పుడు కాదు, వెలిశాక ఒకటి రెండు రోజులకి. అందుకే మాకు వాన మీద అనుమానం రాలేదు. మీ ఇంట్లో కూడా కారణం తెలీకుండా ట్రిప్ అవుతుంటే ఈ లెక్క రాసి పెట్టండి. ఎలక్ట్రీషియన్‌కి మీరు ఇవ్వగలిగే దానికంటే పెద్ద ఆధారం ఇంకోటి లేదు.

ఇప్పుడు కారణం చెప్తాను. మాది షెఫీల్డ్. తిరుమలలాగే దీన్నీ ఏడు కొండల ఊరంటారు. ఇళ్ళన్నీ ఏటవాలు మీదే. మా పెరడు ఇంటికంటే ఎత్తు, చివరికి వెళ్ళేసరికి ఇంటి గచ్చు కంటే మనిషి భుజమెత్తు పైన ఉంటుంది. అక్కడ గార్డెన్ రూమ్ కట్టించాం. దానికి కరెంటు తీసుకెళ్ళే కేబుల్‌ని ఒక ప్లాస్టిక్ పైపులో పెట్టి, పెరడంతా తవ్వి పాతారు. ఆ పైపు పెరటి గోడ కిందుగా ఇంట్లోకి వచ్చి, మెట్ల కింద నిటారుగా లేచి, ఫ్యూజు బాక్సు అడుగున తెరుచుకుంది. చూడ్డానికి ఎంతో నీటుగా ఉంది. ఒక్క వైరు బయటికి కనపడదు. పెద్ద పనితనం అనుకుని ఫొటో కూడా తీసుకున్నాం.

నీరు పల్లమెరుగు అంటారు మనవాళ్ళు. ఆ పైపు పై కొస భుజమెత్తులో, కింది కొస మా ఫ్యూజు బాక్సులో. మేడ మీద ట్యాంకుకీ కింద కొళాయికీ తేడా ఏముంది? మా మట్టి బంకమన్ను. వాన పడితే వెంటనే ఇంకదు, మెల్లగా దిగి, రెండు రోజులకి పైపు అతుకుల దగ్గరికి చేరుతుంది. ఆ అతుకులు ఒకదాంట్లో ఒకటి దూర్చినవే, నీళ్ళ పైపుల్లా బిగించినవి కావు. చేరిన నీరు పైపు నిండి, కిందికి జారి, బాక్సులోకి పొంగింది. రెండో ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ పైపు ఊడదీసి బకెట్ పెడితే బకెట్ నిండింది.

ఆయన చెప్పిన మాట ఒకటి నాకు బాగా నచ్చింది. భూమిలో ఉన్న పైపు ఎప్పుడూ పొడిగా ఉండదు, ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు. అతుకులు ఎంత గట్టిగా వేసినా సరే. బయటి నుంచి ఒక్క చుక్క రాకపోయినా లోపలే తయారవుతుంది. ఇంట్లో వెచ్చటి గాలి, మన వంటల ఆవిరితో సహా, ఆ పైపులోకి వెళ్తుంది. చల్లటి నేలలో ఆ ఆవిరి నీళ్ళవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి చెమట పట్టినట్టే. కాబట్టి పని రెండు వైపుల నుంచి చెయ్యాలి. నీళ్ళలో నానినా చెడని కేబుల్ వెయ్యాలి, దాన్నే ఇక్కడ ఆర్మర్డ్ కేబుల్ అంటారు, లోపల ఉక్కు తీగల తొడుగు ఉంటుంది. రెండోది, ఆ పైపుని ఇంట్లో తెరుచుకోనివ్వకూడదు.

మా ఇంటికి ఏం చేశారంటే, పైపుని ఇంటి గోడ బయటే ఆపేశారు. నేల మీదికి జానెడు ఎత్తు లేపి అక్కడ కోసేశారు. ఇప్పుడు పైనుంచి ఎంత నీరొచ్చినా ఆ మూతి దగ్గర పొంగి బయట గచ్చు మీద పడి కాలవలోకి పోతుంది. అక్కణ్ణుంచి కేబుల్ ఒక్కటే గోడ మీద పైకి వెళ్ళి, గోడలోకి దూరే ముందు ఒకసారి కిందికి వంగి ఉయ్యాలలా వేలాడి, మళ్ళీ పైకి లేచి లోపలికి వెళ్తుంది. కేబుల్ వెంట జారిన చుక్క ఆ వంపు అడుగున రాలిపోతుంది. గోడకి కొట్టిన కన్నం కూడా బయటికి వాలుగా ఉంటుంది, లోపలికి కాదు. ఆ కన్నం చుట్టూ సీలెంట్, లోపల బాక్సులోకి వెళ్ళేచోట కేబుల్‌ని గట్టిగా పట్టుకునే గ్లాండ్. అంతే. మా ఇంటి అందం కాస్త తగ్గింది, ఆ నల్ల కేబుల్ గోడ మీద కనిపిస్తుంది. తగ్గనీ. తడిసిన ఫ్యూజు బాక్సు మాత్రం తీసేసి కొత్తది పెట్టించాం. ఆరబెట్టి వాడుకోవచ్చా అని మావారు అడిగారు. లోపల తుప్పు, మురికి చేరిన స్విచ్ అవసరమైనప్పుడు పడుతుందో లేదో ఎవరూ పూచీ ఇవ్వలేరని ఆయన అన్నాక మారుమాట్లాడలేదు.

అందరికీ ఇలా కుదరదు. కొన్ని ఇళ్ళలో పైపు లోపలికి రాక తప్పదు. అప్పుడు కేబుల్‌కీ పైపుకీ మధ్య ఖాళీని ఇంటి వైపు మూతి దగ్గర మూసెయ్యాలి. పైపుకీ గోడకీ మధ్య ఖాళీ వేరు, దాన్నీ మూయాలి. చాలాచోట్ల ఈ రెండోదే మర్చిపోతారు. దీనికోసమే డక్ట్ సీల్ అని మైనంలాంటి ముద్ద అమ్ముతారు, గట్టిపడదు, రేపు ఇంకో కేబుల్ వెయ్యాలంటే పీకేసి మళ్ళీ పెట్టొచ్చు. అయితే ఒకటి, మా పెరడులా ఎత్తు నుంచి నీటి ఒత్తిడి వస్తుంటే ఉత్త ముద్ద ఆగదు. ముందు నీటికి బయట దారి చూపించాలి, ఆ తర్వాతే మూత.

మన గ్రూపుల్లో తిరిగే చిట్కాల సంగతి కూడా చెప్పాలి. స్ప్రే ఫోమ్ కొట్టేస్తే చాలు అని ఒకటి. గోడకన్నాలకి వాడే మామూలు ఫోమ్ నిలవ నీటిని ఎక్కువ కాలం ఆపదు, తర్వాత కేబుల్ మార్చాలంటే చెక్కి తియ్యలేక చస్తాం. పైపుల కోసం తయారుచేసిన ఫోమ్ వేరే ఉంది, అది పని తెలిసినవాళ్ళు వాడతారు. థర్మోకోల్ ముక్కలు కూరమని ఇంకొకటి. అస్సలు వద్దు. మామూలు పీవీసీ వైరుకి థర్మోకోల్ తగిలి ఉంటే వైరు తొడుగులో మెత్తదనాన్నిచ్చే పదార్థాన్ని అది లాగేస్తుంది, కొన్నాళ్ళకి వైరు పెళుసెక్కి పగులుతుంది. బాత్రూమ్ సిలికాన్ సంగతీ అంతే, వెనిగర్ వాసన వేసే రకం రాగిని తినేస్తుంది, న్యూట్రల్ అని రాసి ఉన్నది కావాలి. బాక్సుకి ప్లాస్టిక్ కవరు చుట్టమన్న మహానుభావులెవరో గానీ, లోపలి చెమటంతా లోపలే ఉంచడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు.

బయట పెట్టే సాకెట్లు, ఛార్జర్ల మీద ఐపీ 65, ఐపీ 66 అని రాసి ఉంటుంది. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. బయటి నుంచి చిమ్మే నీళ్ళ సంగతే అది చెప్తుంది. వెనకాల నుంచి పైపు తెరిచి ఉంటే ఆ అంకెలకి విలువ లేదు, ముందు తలుపుకి తాళం వేసి దొడ్డితలుపు తీసి పెట్టినట్టే. అందుకని కొత్తగా కారు ఛార్జర్ పెట్టించుకుంటున్నవాళ్ళు పని జరిగే రోజునే అడగండి: పైపు ఎటు వాలుగా ఉంది, ఏ కొసన మూశారు, ఎలా మూశారు? కేబుల్ బాక్సు అడుగు నుంచి లోపలికి వెళ్తే మంచిది, పైనుంచి వెళ్తే ఎందుకలా అని అడగండి. కందకం పూడ్చే ముందు ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. మా ఇంట్లో ఆ ఫొటోల వల్లే పైపు ఎక్కడుందో వెతక్కుండా దొరికింది.

కొత్త కాలనీల్లో ఇల్లు కొన్న చెల్లెళ్ళకి ఇంకో మాట. వీధి నుంచి వచ్చే మెయిన్ కేబుల్ కూడా పైపులోనే మీటరు పెట్టెలోకి వస్తుంది. పెద్ద వాన తర్వాత ఒకసారి ఆ పెట్టె తలుపు తీసి, ఏదీ ముట్టుకోకుండా, టార్చ్ వేసి చూడండి. అడుగున తడి, తుప్పు, ఆకుపచ్చ పొడి, బురద చార కనిపిస్తే 105. మీరు గానీ, మీ ఎలక్ట్రీషియన్ గానీ ఆ సీళ్ళు తెంపకూడదు, అది లైన్లవాళ్ళ సొత్తు. పైపు సరిగా మూసి ఉంటే నీళ్ళే కాదు, ఎలుకలూ రావు. డెవన్, కార్న్‌వాల్, డెర్బీషైర్ వైపు నేలలోంచి రేడాన్ వాయువు వచ్చే చోట్ల దానికీ ఒక దారి మూసినట్టవుతుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు “మనదేం కాదులే” అనుకోకండి. ఇంగ్లండ్‌లో 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇంటి యజమాని కనీసం ఐదేళ్ళకోసారి కరెంటు తనిఖీ చేయించి, ఆ రిపోర్టు మీకివ్వాలి. తడి కనిపిస్తే ఫొటో తీసి ఈమెయిల్లో పంపండి. ఫోన్లో చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది.

సొంతింటివాళ్ళయితే, ఇంగ్లండ్‌లో గార్డెన్ రూమ్‌కి కొత్తగా సర్క్యూట్ లాగడం బిల్డింగ్ కంట్రోల్‌కి తెలియజేయాల్సిన పని. రిజిస్టరైన ఎలక్ట్రీషియన్ అయితే తనే తెలియజేస్తాడు, మీకు సర్టిఫికెట్ వస్తుంది. మాకు గది కట్టినాయనే “కరెంటు కూడా మేమే చూసుకుంటాం” అన్నాడు. సర్టిఫికెట్ అడగాలని మాకు తోచలేదు. ఇల్లు అమ్మేటప్పుడు లాయరు అడుగుతాడట. ఆ సంగతీ ఇప్పుడే తెలిసింది.

ట్రిప్ అవడం గురించి ఒక అపోహ ఉంది, అందులో నేనూ ఉన్నాను. ట్రిప్ అయింది కాబట్టి ప్రమాదం తప్పింది అనుకుంటాం. ఆ ఆర్‌సీడీ స్విచ్ 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పగానే పడిపోతుంది. మన కెటిల్ తీసుకునే కరెంటులో అది నాలుగువందల వంతు కూడా లేదు. అంత సున్నితం కాబట్టే ప్రాణాలు కాపాడుతుంది. కానీ అది కాపాడేది తన తర్వాత ఉన్న వైర్లనే. మీటరు నుంచి బాక్సులోకి వచ్చే లావు వైర్లు దానికి ముందున్నాయి. స్విచ్‌లన్నీ పడిపోయినా ఆ కొసల్లో కరెంటు అలాగే ఉంటుంది. వాటి వెనకున్న పెద్ద ఫ్యూజు మనిషికి షాక్ కొడితే తెగేది కాదు, అది కేబుల్‌ని కాపాడటానికి ఉంది. అత్తయ్య తుడుస్తున్న సమయానికి స్విచ్ పడిపోయే ఉంది. లైటు వెలగట్లేదు కాబట్టి కరెంటు పోయిందనే ఆవిడ అనుకున్నారు. ఆ సంగతి విన్నాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

అందుకే పదే పదే ట్రిప్ అవుతుంటే స్విచ్‌ని నెట్టి నెట్టి నిలబెట్టకండి. ఒకసారి నెట్టాక మళ్ళీ పడితే వదిలేసి మనిషిని పిలవండి. ఆర్‌సీడీ మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, ఆరు నెలలకోసారి నొక్కి చూడాలి. మేం ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి అని పెట్టుకున్నాం, మర్చిపోం.

ఇండియాలో ఈ పత్రిక చదివే అమ్మలకీ, పిన్నులకీ: మీకు పనికిరాని కబుర్లు అనుకోకండి. బోరు మోటారు నుంచి వరండాలో స్టార్టర్ దాకా వైరు భూమిలో పీవీసీ పైపులోనే వస్తుంది కదా? వాన తర్వాత స్టార్టర్ ముట్టుకుంటే జివ్వుమంటోందని మా పెద్దమ్మ ఒకసారి అంది, అందరం నవ్వేసి ఊరుకున్నాం. ఇప్పుడు నవ్వు రావట్లేదు. ఆ పైపు నేల మీదే ఆగి, వైరు వంపు తిరిగి బోర్డు అడుగునుంచి వెళ్ళాలి, ఎర్త్ సరిగ్గా ఉండాలి. 2014లో హుద్‌హుద్ తుపానుకి స్తంభాలు కూలిపోయాక విశాఖలో లైన్లు భూమిలోకి దింపే పని పెట్టుకున్నారు. గాలికి అది మంచి ఉపాయమే, కాకపోతే నీటి సంగతి వేరేగా చూసుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది గుర్తుంది కదా. అలా మునిగిన ఇంట్లో నీళ్ళు దిగిపోయినంత మాత్రాన స్విచ్ వెయ్యకూడదు, ఎలక్ట్రీషియన్ చూశాకే.

ఇక ఇక్కడికి అమ్మానాన్నల్ని, అత్తమామల్ని పిలిపించుకునే సీజన్ వస్తోంది. వాళ్ళు వచ్చిన మొదటి రోజే ఫ్యూజు బాక్సు ఎక్కడుందో చూపించండి. “దీని దగ్గర తడి కనిపిస్తే తుడవద్దు, గిన్నె పెట్టొద్దు, పిల్లని తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళి మాకు ఫోన్ చెయ్యండి” అని చెప్పండి. తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఆ అల్మరా తలుపుకి అంటించండి. మా తలుపుకి ఉన్న కాగితం అత్తయ్యే రాశారు, మా చేతిరాత బాగోలేదని. ఆఖర్న ఇంకో లైను సొంతంగా చేర్చారు: “కార్పెట్ పోతే పోనీ.”

గోంగూర వచ్చే నెల. ఈలోపు ఎవరైనా వానకీ ట్రిప్‌కీ లెక్క రాసి చూస్తే, ఎన్ని ఇంటూలు పడ్డాయో గ్రూపులో పెట్టండి.